వార్తల్లో పదం: ఐఈసీ 62841

డ్రిల్లింగ్ మెషిన్, గ్రైండర్, కరెంటు రంపం వంటి మోటారు పనిముట్ల భద్రతకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రూపొందించిన ప్రమాణాల వరుస ఇది. మొదటి భాగం 2014లో వెలువడింది. అప్పటిదాకా ఉన్న 60745 వరుస స్థానాన్ని క్రమంగా ఇది తీసుకుంది.

ఆదిలాబాద్ సరిహద్దుకు ఆనుకుని, టేకు అడవుల మధ్య పెన్‌గంగ ఒడ్డున ఉన్న కిన్వట్ వంటి చోట వడ్రంగికి ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది ఒకటుంది. గ్రైండర్ స్విచ్ వేసి ఉండగా కరెంటు పోయి మళ్లీ వస్తే, అది తనంతట తాను తిరగకూడదు. స్విచ్ వదిలి తిరిగి నొక్కితేనే కదలాలి. కరెంటు కోతలున్న ఊళ్లలో వేళ్లను కాపాడే నిబంధన ఇదే. చక్రం చుట్టూ రక్షణ కవచం, లిథియం బ్యాటరీ వేడెక్కకుండా జాగ్రత్తలు కూడా ఈ వరుసలో ఉన్నాయి.

పనిముట్టు మీద చదరంలో చదరం గుర్తు ఉంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు. దానికి ఎర్త్ తీగ అక్కర్లేదు.

భారత్‌లో ప్రమాణాలు రూపొందించేది భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్). 2016 నాటి చట్టం ప్రకారం కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చిన వస్తువులకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి అవుతుంది.

ప్రమాణం పాటించిన యంత్రమైనా, కవచం ఊడదీసి గ్రైండర్‌కు పళ్ల రంపం బిళ్ల బిగిస్తే ఆ రక్షణ మిగలదు. ఈ అలవాటు అత్యంత ప్రమాదకరం: బిళ్ల కలపలో ఇరుక్కుంటే పనిముట్టు మనిషి మీదికే ఎగురుతుంది.