పెరటిలో జోనంగి

పాత కృష్ణాజిల్లా మెట్టసీమలో ఎండను గూర్చి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. వైశాఖ జ్యేష్ఠాలలో మధ్యాహ్నమైతే నందిగామ, జగ్గయ్యపేట వీథులు నిర్మానుష్యమవుతాయి. నల్లరేగడి నేల నెరలు విచ్చుతుంది. మనుష్యులు వసారాలలోకి, గొడ్లు చెట్ల నీడకు చేరుతాయి. జోనంగి ఉన్న ఇంట మాత్రం ఆ వేళకు పెరటిలో వేపచెట్టు మొదట మన్ను ఎగురుతూ ఉంటుంది. ఆ జాగిలం ముందుకాళ్లతో గోయి త్రవ్వి, పైనున్న వేడిమట్టిని వెనుకకు తోసివేసి, అడుగున చల్లగా తగిలే మట్టికి పొట్ట ఆనించి పడుకొంటుంది. ఆ గోతిలో తన కనకాంబరపు మొక్క కలిసిపోయినందుకు ఇల్లాలు కోప్పడడం, అది నొసలు ముడిచి ఆమె వంక చూడడం ఆ ఇంట నిత్యం నడిచే తగవు.

పాపం, నొసటి ముడుతలు దానికి పుట్టుకతో వచ్చినవే. ఒంటికి అంటుకొని ఉండే మిక్కిలి కురచ వెంట్రుకలు, సన్నని నడుము, చురుకైన కాళ్లు జోనంగి లక్షణాలు. ఊరకుక్కల వలె అది రాత్రంతా మొరగదు. సంతోషం కలిగినా, అలికిడి విన్నా గొంతెత్తి రాగం తీసినట్లు కూస్తుంది. క్రొత్తవారికి అది ఏడుపుగా తోస్తుంది. ఇంటివారికి అది పలకరింపు.

పాశ్చాత్యులు టెర్రియర్ అని పిలిచే కుక్కలకు ఆ పేరు భూమి అనే అర్థం గల ‘టెర్రా’ అనే లాటిను మాట నుండి వచ్చింది. నేలబొరియలలో దూరి నక్కలను, ఎలుకలను వెలికి తరమడం వాటి పని. జోనంగి ఆ వంశానికి చెందినది కాదు. అయినా నేలతో ఇంత చుట్టరికం గల కుక్క మన దేశంలో అరుదు.

పాత కృష్ణాజిల్లాకు పడమటి కొస నందిగామ, జగ్గయ్యపేటలైతే తూర్పు కొస కొల్లేరు. జోనంగి పేరు ఎక్కువగా వినవచ్చేది ఆ సరస్సు చుట్టుపట్లనే. అక్కడి బాతుల పెంపకందార్లకు అది కుడిభుజం. వందలాది బాతులను పొలాల వెంట నడపడం, చెదిరినవాటిని మళ్లించడం, నక్కల బారి నుండి కాపాడడం దాని కొలువు. తీరప్రాంతాలలో వేటకు కూడ దానిని పెంచేవారు. బాతును చూచి నోరూరే జంతువు చేతనే బాతును కాపలా కాయించారంటే ఆ పెంపకందార్ల నేర్పు సామాన్యమైనది కాదు.

తరువాత ఆ కొలువులు ఒక్కొక్కటే పోయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కొల్లేటిలో చేపల చెరువులు ప్రబలి బాతుల మందలు తగ్గినవి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల పట్టికలో చేరింది. 2006లో అక్రమపు చెరువుగట్లను తెగగొట్టారు. ఇవి అవసరమైన పనులే. కాని పక్షికి దొరికిన రక్షణ ఆ పక్షిని కాచిన జాగిలానికి దొరకలేదు. 2005లో తపాలాశాఖ దేశీయ శునకజాతులపై నాలుగు బిళ్లలు వెలువరించింది. హిమాలయపు గొఱ్ఱెలకాపరి కుక్కకు, రాంపూరు, ముధోల్, రాజపాళయం జాతులకు వాటిలో చోటు దొరికింది, జోనంగికి దొరకలేదు.

పనితో పుట్టిన జాతి పని పోయిన తరువాత ఎట్లా నిలుస్తుంది? దానికిక మిగిలిన కొలువు గృహస్థు ఇల్లే. అయితే కేవలం మన ఆంధ్రజాతి అనే అభిమానంతో తెచ్చుకొన్నవారు ఆరునెలలకే విసిగిపోవచ్చు. పరుగుకు పుట్టిన జంతువును గొలుసుతో కట్టివేస్తే అది చెడుతుంది. దానికి ఉదయం సాయంకాలం చేనుగట్ల వెంట నడక కావాలి. చిన్ననాడే అలవాటు చేయకపోతే పొరుగింటి కోడికి గండమే. అది ఇంటి మనుష్యులనే నమ్ముకొంటుంది. ఎదిగిన తరువాత చేతులు మార్చితే దిగులుపడి తిండి మానవచ్చు. పిల్లకు మూడవ నెలలో పిచ్చికుక్క వ్యాధి నిరోధపు టీకా వేయించి, ఏటేటా మరల వేయించాలి. కురచ వెంట్రుకల వలన గోమారులు సులభంగా కంటబడుతాయి. రోజూ చెవులు, వ్రేళ్ల సందులు చూడడమే మిగిలిన శ్రమ.

వీటన్నిటికంటె కష్టమైనది జోడు వెదకడం. విడిచిపెడితే ఊరకుక్కలతో కలిసి జాతి రెండు తరాలలో ఆనవాలు పట్టరాకుండా పోతుంది. ఒకే ఈత పిల్లలను జతగూర్చుతూ పోతే బలహీనమవుతుంది. నందిగామలో ఒక ఇంట ఆడది, జగ్గయ్యపేటలో వేరొక ఇంట మగది ఉంటే, ఆ రెండు ఇండ్లవారు ఒకరినొకరు ఎరిగి ఉండడం, ఏ పిల్ల ఏ ఇంటికి పోయిందో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచడం ముఖ్యం. పెండ్లి సంబంధాలకు గోత్రాలు, ఇంటిపేర్లు విచారించే జాతికి ఇది తెలియని విద్య కాదు.

మన సామెతలలో కుక్కకు గౌరవం తక్కువ. కాని మహాప్రస్థానంలో తుదిదాకా ధర్మరాజు వెంట నడిచినది కుక్కయే; దానిని విడిచి స్వర్గానికి రానని ఆయన అన్నాడు. ఆ కథ వినని తెలుగు ఇల్లు ఉండదు. వెంట వచ్చినదానిని నడుమ విడువరాదనే ఆ ధర్మమే జోనంగి విషయంలోను వర్తిస్తుంది.

ప్రొద్దు వాలి గాలి తిరిగే వేళకు అది గోతి నుండి లేచి, ఒళ్లు దులుపుకొని, వాకిట నిలిచి రాగం తీస్తుంది. ఇల్లాలు చెంబుతో నీళ్లు తెచ్చి మొక్కలకు పోస్తుంది. క్రొత్త కనకాంబరాన్ని ఆమె ఇప్పుడు గోడవార నాటుకొన్నది. వేపచెట్టు క్రింది గోతిని మాత్రం పూడ్చలేదు.