జీతమునకు చేసే సేవ తక్కువది కాదు

వానలు మొగము చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఏడు, మన కదిరి, ధర్మవరం, హిందూపురం ప్రాంతాల నుండి మగవారే గాక ఆడవారు కూడా పని వెదుకుకొంటూ బయలుదేరుతారు. కొందరు బెంగుళూరుకు, మరికొందరు కువైట్‌కు వెళ్తారు. అక్కడ వంట, గిన్నెలతోబాటు మరియొక పని వారి మీద పడుతుంది. పక్షవాతముతో మంచము పట్టిన అవ్వకు స్నానము చేయించాలి. మలమూత్రాలు ఎత్తాలి. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

తిరిగి వచ్చిన సహోదరిని “ఎంత తెచ్చినావు?” అని అడుగుతాము గాని, “ఏమి పని చేసినావమ్మా?” అని అడుగము. చెబితే చులకన చేస్తారని ఆమె కూడా చెప్పదు.

ప్రియ చదువరులారా, ఇందులో సిగ్గుపడవలసినది ఏమున్నది? ఒకప్పుడు ఇంటిని ఏలిన అవ్వకు పరాయి చేతులతో కడిగించుకొనుట ఎంత కష్టము! పని తెలిసిన మనిషి తలుపు మూస్తుంది. ముందుగా చెప్పి ముట్టుకొంటుంది. కడిగే చోటు తప్ప మిగతా దేహము మీద దుప్పటి కప్పుతుంది. అవ్వ చేసుకోగలిగినది అవ్వనే చేసుకోనిస్తుంది. ప్రభువు శిష్యుల పాదములు కడిగినాడని నమ్మే మనము ఈ పనిని హీనముగా చూడవచ్చునా?

ఇంత దగ్గరగా సేవ చేస్తే ప్రేమ పుట్టుట సహజమే. అయితే ప్రేమ పేరు చెప్పి జీతము ఎగవేయరాదు. “నీవు మా ఇంటి మనిషివే” అనే తీయని మాట చాటున నిద్ర, సెలవు పోగొట్టుకొన్నవారున్నారు. నిజముగా ఇంటి మనిషే అయితే, ఆమెకు జ్వరము వచ్చిన దినమున గంజి ఎవరు కాచి ఇస్తారు?

కువైట్ 2015లో చేసిన 68వ చట్టము ప్రకారము ఇంటిపనివారికి దినమునకు 12 గంటలకు మించి పని చెప్పరాదు. వారమునకు ఒక సెలవు ఇవ్వాలి. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదు. 30 ఏండ్లు నిండని స్త్రీలు గల్ఫుకు ఇంటిపనికి వెళ్ళుటకు మన ప్రభుత్వము అనుమతి ఇవ్వదు. విజిట్ వీసా మీద పంపుతామనే ఏజెంటును నమ్మవద్దు. మన దేశములో 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టము ఇంటిపని చేసే స్త్రీకి కూడా వర్తిస్తుంది. ఇంటిలో ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. ఆమె సేవకు ఒప్పుకొన్నది గాని అవమానమునకు కాదు.

కాబట్టి పంపే ముందే జీతము, పని గంటలు, విశ్రాంతి కాగితము మీద వ్రాయించండి. ఫోను చేసినప్పుడు డబ్బు సంగతికి ముందు, “రాత్రి నిద్రపోయినావా? తిన్నావా?” అని అడగండి. మన సంఘములలో నర్సుల కొరకు ప్రార్థించేటప్పుడు ఈ అక్కచెల్లెండ్రను కూడా జ్ఞాపకము చేసికొందము.