తల్లిపాలు: కుటుంబ స్థితిగతుల ప్రభావం

బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలని, ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం ఇవ్వరాదని, అటుపిమ్మట అనుబంధ ఆహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఏటా ఆగస్టు 1 నుండి 7 వరకు జరిగే తల్లిపాల వారోత్సవాలలో ఈ అంశాలపై విస్తృత ప్రచారం నిర్వహించబడుతున్నది. అయితే తల్లికి విషయం తెలిసినంత మాత్రాన ఆచరణ సాధ్యం కాదు. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల విద్య, వృత్తి, కాన్పు జరిగే ఆసుపత్రి సైతం ఇందులో కీలకమైనవి.

సంపన్న దేశాలలో విద్యావంతులు, అధికాదాయ వర్గాల తల్లులు ఎక్కువ కాలం పాలిస్తుండగా, అల్ప, మధ్యాదాయ దేశాలలో పేద తల్లులే ఎక్కువ కాలం పాలిస్తున్నారని 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనాలు వెల్లడించాయి. అనగా సంపద పెరిగితే తల్లిపాల అలవాటు దానంతట అదే పెరగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. అయినప్పటికీ గంటలోపు తల్లిపాలు అందిన శిశువులు 41.8 శాతం మాత్రమే. ఆరు నెలల లోపు శిశువులలో కేవలం తల్లిపాలపైనే ఉన్నవారు 63.7 శాతం.

స్థోమత గల కుటుంబాలకు ఎదురయ్యే ప్రధాన అవరోధం సిజేరియన్ కాన్పు. ఇదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రులలో ఇవి వరుసగా 81.5, 63 శాతం. శస్త్రచికిత్స అనంతరం తల్లీబిడ్డలను వేరుగా ఉంచడం, ఈలోగా డబ్బాపాలు పట్టడం వలన తొలి గంట వృథా అవుతున్నది. బిడ్డ చప్పరించిన కొద్దీ పాలు ఊరుతాయి కనుక ఈ జాప్యం తదుపరి రోజులపైనా ప్రభావం చూపుతుంది.

పేద కుటుంబాలలో అవరోధం వేరు. కూలి మానుకుంటే పూట గడవని తల్లి, నెలల బిడ్డను ఇంట వదిలి పనికి వెళ్లవలసి వస్తున్నది. డబ్బాపాల ఖర్చు భరించలేక పొడిలో నీరు ఎక్కువ కలపడం వలన బిడ్డకు పోషకాలు తగ్గుతాయి. నీరు పరిశుభ్రమైనది కానిచో అతిసారం సోకే ప్రమాదం గలదు.

పాలపొడి ప్రచారాన్ని, ఉచిత నమూనాల పంపిణీని 1992 నాటి చట్టం నిషేధించింది. వేతనంతో కూడిన ప్రసూతి సెలవు తొలి ఇద్దరు బిడ్డలకు 2017లో 12 వారాల నుండి 26 వారాలకు పెంచబడినది. అయితే పొలం పనులకు, ఇళ్లలో పనికి వెళ్లే తల్లులకు ఈ సెలవు వర్తించదు. కూలి నష్టాన్ని కొంతమేర పూడ్చేందుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు రూ.5,000 అందజేయబడుతున్నది. ఈ మొత్తం ఆరు నెలల కూలికి సాటి రాదు.

కావున అందరికీ ఒకే సందేశం చాలదు. ప్రైవేటు ఆసుపత్రులలో సిజేరియన్ అనంతరం సైతం బిడ్డను వెంటనే తల్లి చెంతకు చేర్చే ఏర్పాటు, కూలి తల్లులకు ఆదాయ భరోసా, పనిచోటుకు సమీపంలో శిశు సంరక్షణ కేంద్రం అవసరం. ఇంటి పనిలో తండ్రి, అత్తమామల సహకారం అన్ని వర్గాల తల్లులకూ ఆవశ్యకం.