జ్వరం బిళ్ల ఒంట్లో ఏం చేస్తుంది?

జ్వరం తగ్గలేదని గంటకే ఇంకో పారాసిటమాల్ బిళ్ల వేసుకునేవారు చాలామంది ఉన్నారు. అది ప్రమాదం.

మింగిన బిళ్ల కడుపులో కరిగి, పేగుల నుంచి రక్తంలో కలిసి ఒళ్లంతా చేరుతుంది. జ్వరాన్ని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు మెదడులో తయారవకుండా అడ్డుకుంటుంది. అయితే జ్వరం తగ్గుతుందే గాని, దానికి కారణమైన జబ్బు నయం కాదు.

ఆ తర్వాత పని కాలేయానిది. అది మందును మార్చి మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. రెండు మూడు గంటల్లో రక్తంలోని మందు సగమవుతుంది. ఈ మార్పులో కొద్దిగా విషపదార్థం కూడా పుడుతుంది. కాలేయం తనలోని గ్లూటాథయోన్‌తో దాన్ని విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ అయిపోయి కాలేయమే దెబ్బతింటుంది. మొదటిరోజు బాధేమీ తెలియకపోవచ్చు.

అందుచేత గుర్తుంచుకోండి:

• రెండు మోతాదుల మధ్య 4 నుంచి 6 గంటలు ఆగాలి.

• పెద్దలకు రోజుకు 500 మి.గ్రా. బిళ్లలు 8 మించకూడదు. 650 అయితే 6. పిల్లలకు బరువును బట్టి డాక్టరు చెప్పినంతే ఇవ్వాలి.

• మద్యం తాగేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

• చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. అట్ట మీద పేరు చూడండి.

• ఎక్కువ మింగితే, బాధ లేకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. దీనికి విరుగుడు ఉంది. 8 గంటలలోపు ఇస్తే బాగా పనిచేస్తుంది.