నిందితుల అప్పగింత: బ్రిటన్ అప్పీళ్లలో కొత్త సాక్ష్యాలకు పరిమితులు

భారతదేశంలో అభియోగాలు ఎదుర్కొంటూ బ్రిటన్‌లో ఉంటున్న నిందితుల అప్పగింతకు ఆ దేశపు 2003 నాటి ఎక్స్‌ట్రడిషన్ చట్టం వర్తిస్తుంది. తొలి విచారణ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ మేజిస్ట్రేట్ కోర్టులో జరుగుతుంది. అభియోగానికి తగిన ప్రాథమిక ఆధారాలను భారతదేశం అక్కడే చూపవలసి ఉంటుంది. విజయ్ మాల్యా కేసులో ఆ ఆధారాలు ఉన్నాయని 2018 డిసెంబరులో ఆ కోర్టు నిర్ణయించగా, ఆయన అప్పీలును హైకోర్టు 2020 ఏప్రిల్‌లో తోసిపుచ్చింది.

హైకోర్టు అనుమతితో నిందితుడు గానీ, అభ్యర్థించిన ప్రభుత్వం గానీ అప్పీలు చేసుకోవచ్చు. అయితే కొత్త సాక్ష్యం తొలి విచారణ నాటికి అందుబాటులో లేనిదై, తీర్పును మార్చగలిగినదై ఉండాలి. తగిన శ్రద్ధ వహిస్తే అప్పుడే లభించి ఉండే సాక్ష్యం ఈ కోవలోకి రాదని హైకోర్టు 2009లో ఫెన్యవెషి కేసులో స్పష్టం చేసింది.

తన వద్ద గల పత్రాలన్నిటినీ నిందితునికి అందజేయాలన్న సాధారణ నియమం అభ్యర్థించిన దేశానికి లేదు. కానీ తాను ఆధారపడిన సాక్ష్యాన్నే తీవ్రంగా దెబ్బతీసే సమాచారం ఉన్నట్లయితే దానిని వెల్లడించవలసినదేనని బహామాస్‌కు చెందిన నోల్స్ కేసులో ప్రివీ కౌన్సిల్ 2006లో పేర్కొన్నది.

కాబట్టి దర్యాప్తు అధికారులు వాంగ్మూలాలు, పత్రాలు సమగ్రంగా తొలి విచారణకే సిద్ధపరచడం అత్యవసరం. అప్పుడు జరిగిన లోపాన్ని అప్పీలులో సరిదిద్దుకునే అవకాశం స్వల్పం.