గాల్లోకి మూడు రౌండ్లు ఓకే.. నడుముకి పిస్టల్ మాత్రం కుదరదు!

అమెరికాలో ఓ మాజీ సైనికుడి అంత్యక్రియలు జరుగుతున్నాయనుకోండి. ఏడుగురు వరసగా నిలబడి, రైఫిళ్లెత్తి గాల్లోకి మూడుసార్లు కాల్చారు. పక్కనే ఉన్న మేనల్లుడి నడుముకీ పిస్టల్ ఉంది. రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ జేబులో భద్రంగా ఉంది. అయినా సరే, చట్టం ముందు దొరికిపోయేది అతనే!

అక్కడ 150కి పైగా జాతీయ సైనిక శ్మశానాలు మాజీ సైనికుల వ్యవహారాల శాఖ చేతిలో ఉన్నాయి. ఆ శాఖ స్థలంలో గన్ కనపడేలా పెట్టుకున్నా, చొక్కా కింద దాచినా తప్పే. లోడ్ చేయలేదన్నా వినరు. జరిమానా 500 డాలర్లు. డ్యూటీ మీద వచ్చిన పోలీసులకి మినహాయింపు. వందనం చేసే దళానిది ‘అధికారిక పని’ కాబట్టి వాళ్లకీ ఇబ్బంది లేదు.

ఆ దళం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కుటుంబం అడిగితే కనీసం ఇద్దరు యూనిఫాం సిబ్బంది రావాలి, జెండా మడిచి ఇవ్వాలి, ‘ట్యాప్స్’ బాణీ వినిపించాలి. 2000 నుంచి అమల్లో ఉన్న రూల్ ఇది. కాల్పులు ఆ కనీసంలో లేవు! అందుకే చాలాచోట్ల ఆ పని మాజీ సైనికుల సంఘాల్లోని పెద్దాయనలే చేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎం1 రైఫిళ్లని సైన్యమే వాళ్లకి అరువిస్తుంది. ఒక్కో సంఘానికి 15 దాకా. పేల్చేవి బ్లాంక్స్, అంటే మందే తప్ప బుల్లెట్ ఉండదు. (ఏడు మూళ్లు ఇరవై ఒకటి కదా అని దీన్నే ‘21 గన్ సెల్యూట్’ అనేస్తుంటారు. అది ఫిరంగులతో చేసేది, వేరే.)

తిరకాసు గెటిస్‌బర్గ్‌లో ఉంది. అక్కడి సైనిక శ్మశానం నేషనల్ పార్క్ సర్వీస్‌ది. పార్కుల్లో 2010 ఫిబ్రవరి 22 నుంచి రాష్ట్ర చట్టమే వర్తిస్తోంది. అంటే పర్మిట్ ఉన్నవాళ్లు అక్కడి సమాధుల మధ్య గన్‌తో నడవొచ్చు. ఆఫీసు బిల్డింగుల్లోకి మాత్రం నో ఎంట్రీ. ఒకే దేశం, ఒకేలాంటి తెల్లరాళ్లు, రెండు రూల్స్!

‘ఏళ్ల తరబడి దేశం కోసం తుపాకీ మోశాం, స్నేహితుడి సమాధి దగ్గర మమ్మల్ని నమ్మరా?’ అనే మాజీ సైనికుల బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ దేశంలో మాజీ సైనికుల ఆత్మహత్యల్లో పదింట ఏడు తుపాకీతోనే జరుగుతున్నాయి. గుండె పగిలిన రోజున గన్ ఇంట్లో, అదీ తాళం వేసి ఉంటేనే మంచిదని నాకనిపిస్తుంది.

కాల్పులయ్యాక పెద్దాయనలు వంగి గడ్డిలోంచి ఖాళీ షెల్స్ ఏరతారు. మడిచిన జెండాతో పాటు వాటిలో మూడు కుటుంబం చేతిలో పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ.