ఇంజను చెవి – నాక్ సెన్సారు పరీక్ష

సంక్రాంతి నాటికి పెదపారుపూడి చుట్టుపట్ల కోతలు, నూర్పిళ్లు ముగిసి చేలు బోసిపోవును. అంతవరకు వరిచేలలో మేసిన ఎలుకలు గడ్డివాములలోనికి, వాని ప్రక్క నిలిపిన కార్లలోనికి చేరును. అప్పుడే ఆగిన ఇంజను వెచ్చగా నుండును. తీగల పైతొడుగు పండ్లు నూరుకొనుటకు అనువుగా నుండును. ఈ ఎలుకలకును, నేడు మేము ముచ్చటింపబోవు నాక్ సెన్సారుకును గల సంబంధము శ్రోతలకు కొంతసేపటిలో తెలియగలదు.

పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు వద్ద పుట్టిన మంట క్రమముగా వ్యాపించి పిస్టనును క్రిందికి నెట్టవలెను. మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము వేడికిని ఒత్తిడికిని తాళలేక తనంతట తానే భగ్గుమన్నచో, లోపల సుత్తితో కొట్టినట్లు టకటక శబ్దము పుట్టును. దీనినే మెకానిక్కులు నాకింగ్ అందురు. ఇది ఎడతెగక సాగినచో రింగులు విరుగుటయు, పిస్టను తల కరగుటయు సంభవించును. అంబాసిడరు, ఫియట్ కార్ల కాలమున దీనిని కనిపెట్టుటకు డ్రైవరు చెవియే ఆధారము. శబ్దము వినబడగానే డిస్ట్రిబ్యూటరును కొంచెము త్రిప్పి, నిప్పురవ్వ పుట్టు వేళను వెనుకకు జరుపుకొనెడివారు. పెట్రోలులో సీసము కలిపినదియు దీనిని అణచుటకే. 1921లో అమెరికాలో కనుగొన్న ఆ ఉపాయము ఆరోగ్యమునకు చేటని తేలగా, మన దేశమంతట 2000 సంవత్సరము నుండి సీసము లేని పెట్రోలు వచ్చినది.

నేటి కార్లలో డ్రైవరు చెవి పనిని ఈ సెన్సారు చేయుచున్నది. ఇంజను దిమ్మకు ఒక బోల్టుతో బిగించిన చిన్న బిళ్ల యిది. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ సూత్రమే దీనికి ప్రాణము. నాకింగు వలన సెకనుకు కొన్నివేల పర్యాయములు దిమ్మ కంపించును. ఆ కంపనమును సెన్సారు స్వల్పమైన విద్యుత్తుగా మార్చి ఇ.సి.యు. అను కంప్యూటరునకు పంపును. అది నిప్పురవ్వను వెనుకకు జరుపును. సెన్సారు మాట వినబడనిచో కంప్యూటరు ఎందుకైన మంచిదని ముందుగానే జరిపి కూర్చుండును. అప్పుడు పికప్ తగ్గును, మైలేజీ పడిపోవును, చెక్ ఇంజన్ దీపము వెలుగును. మన డెల్టాలో ఘాటు రోడ్లు లేవు. నిండు బరువుతో కాలువ గట్టు ఎక్కునప్పుడు తప్ప ఇంజనుకు గట్టి పరీక్ష లేదు. అందుచేత ఇచ్చటివారికి చెవికంటె ముందు కంటికే, దీపము రూపమున, కబురు అందును.

స్కానరు పెట్టినచో పి0325 అను సంకేతము కనబడవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే మొదలగును. ఆ సంకేతమునకు అర్థము సెన్సారు చెడినదని కాదు. సెన్సారు, తీగ, కనెక్టరు కలిసిన వలయములో ఎచ్చటనో లోపమున్నదని మాత్రమే. మా బంధువుల కారుకు ఈ సంకేతము రాగా, ఒక షెడ్డువారు వెంటనే సెన్సారు మార్చిరి. ఆ కారులో అది ఇంటేక్ మానిఫోల్డు క్రింద నుండుటచే, విప్పి బిగించుటకే ఒక పూట పట్టినది. కూలి సెన్సారు వెలను మించినది. రెండవనాడే దీపము మరల వెలిగినది.

అప్పుడు మేము చేసిన పని చాల చిన్నది. ఇంజను చల్లారిన పిమ్మట కనెక్టరు ఊడదీసి చూచితిమి. బందరు వైపు ఉప్పుగాలికి తిరిగిన కార్లలో పిన్నులకు పచ్చని చిలుము పట్టుట కలదు. ఇందులో అది లేదు. తీగ వెంట చేయి పోనిచ్చితిమి. కనెక్టరుకు జానెడు దూరమున ఎలుక కొరికిన గుర్తు కనబడినది. లోపలి తీగ తెగలేదు. దానిని కప్పియున్న లోహపు అల్లిక మాత్రము చిరిగిపోయినది. సెన్సారు పంపు విద్యుత్తు అత్యల్పము గనుక, ఆ కవచము లేనిచో ఇగ్నిషను కాయిళ్ల రొద అందులో కలిసిపోవును. అల్లికతో సహా తీగను అతికి, సంకేతమును చెరిపి, గుడివాడ వరకు పోయి వచ్చితిమి. దీపము వెలుగలేదు.

తీగ బాగుగనే ఉన్నచో తరువాత చూడవలసినది బోల్టు. అది వదులైనను, మితిమీరి బిగిసినను సెన్సారు సరిగా వినజాలదు. కంపెనీ చెప్పిన కొలతకు టార్క్ రెంచితోనే బిగింపవలెను. సెన్సారు కూర్చుండు చోట త్రుప్పు గాని, రంగు గాని, అదనపు వాషరు గాని ఉండరాదు. అటుపిమ్మట మల్టీమీటరును ఎ.సి. వోల్టులపై నుంచి, సెన్సారు తీగల కొనలకు తగిలించి, దానికి సమీపమున దిమ్మపై పానాతో మెల్లగా తట్టవలెను. ముల్లు గాని అంకె గాని కొంచెము కదలినచో సెన్సారు బ్రతికియున్నట్లే. సెన్సారునే కొట్టుట మాత్రము కూడదు. లోపలి బిళ్ల పగులును.

మరియొక చిక్కు కలదు. వదులైన బ్రాకెట్టు, అరిగిన బేరింగు చేయు చప్పుడును సైతము ఇది నాకింగని భ్రమపడి నిప్పురవ్వను వెనుకకు జరిపించును. అట్టి కారుకు ఎన్ని క్రొత్త సెన్సారులు వేసినను పికప్ రాదు.

షెడ్డువారు తీసివేసిన పాత సెన్సారును మా బంధువులు పారవేయలేదు. మేము దానికి ఈ తట్టుడు పరీక్ష చేసి చూచితిమి. అంకె కదలినది.